పిస్టల్ ట్రిగ్గర్ తేలిక చేయించే ముందు
బెంగళూరు రేంజుల్లో .22 పిస్టల్ కాల్చే మనవాళ్లు చాలామంది, ట్రిగ్గర్ గట్టిగా ఉందని బయటి కంపెనీల స్ప్రింగుల కోసం వెతుకుతుంటారు. హ్యామర్ (పిన్నును కొట్టే చిన్న సుత్తి) స్ప్రింగు మెత్తనైతే నొక్కు తేలికవుతుంది, నిజమే. దాంతోపాటు దెబ్బా తేలికవుతుంది: రిమ్ (తూటా వెనక అంచు) మీద పిన్ను గుర్తు లోతుగా పడక రౌండు పేలదు. అలా జరిగితే గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాకే ఆ రౌండు తీయండి. రిటర్న్ స్ప్రింగు బలహీనమైతే ట్రిగ్గర్ ముందుకు రాదు, అది చిన్న తలనొప్పే.

అసలు ప్రమాదం సియర్ దగ్గర. హ్యామర్‌ను ఆపే ఆ అంచు వెంట్రుకవాసి అరిగినా, స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) మూసుకునే కుదుపుకే హ్యామర్ జారి రెండో రౌండు దానంతటదే పేలొచ్చు. చేయి జారి కిందపడినా పేలొచ్చు. ఇంట్లో ఆకురాయి పట్టుకుని ఆ అంచు జోలికి మాత్రం పోకండి.

ఎలాగూ 25 మీటర్ల పోటీల్లో ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు మోయాలి, అంతకంటే తగ్గించి లాభం లేదు. 1959 ఆయుధాల చట్టం కింద రిపేరుకీ లైసెన్సు కావాలి కాబట్టి అది ఉన్నవారి చేతే చేయించండి. పార్టు మార్చాక ముందు ఖాళీ పిస్టల్‌తో, తర్వాత మ్యాగజీన్‌లో రెండే రౌండ్లతో రేంజులోనే పరీక్షించండి. పాత స్ప్రింగులు పారేయొద్దు.