మూడు రూపాయల ముప్పావలా మిత్తి: క్రెడిట్ కార్డు వాడేవాళ్లకు ఒక లెక్క

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాయడం నా పని. మిర్చి సీజన్‌లో తక్‌పట్టీ, అంటే అమ్మిన సరుకు లెక్క రాసిన చీటీ, చేతికి తీసుకున్న రైతు ముందు చూసేవి రెండే: తూకం ఎంత వచ్చింది, మిత్తి, అంటే వడ్డీ, ఎంత కోశారు. చదువు రాని పెద్దమనిషి కూడా "ఉగాదికి తీసుకున్న, నూటికి రెండు, ఎన్ని నెలలైందో చెప్పు బిడ్డా" అని నిలబెట్టి అడుగుతాడు. అదే ఇంట్లో పుట్టి, చదువుకుని, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న పిల్లలు క్రెడిట్ కార్డు దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న అడగడం లేదు. క్యాష్‌బ్యాక్ ఎంత, ఎయిర్‌పోర్ట్ లాంజ్ ఉందా అని మాత్రం అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

కార్డు మిత్తిని మన లెక్కలోనే చెప్పుకుందాం. చాలా కార్డుల మీద నెలకు 3.5 నుంచి 3.75 శాతం దాకా ఉంటుంది. అంటే నూటికి మూడు రూపాయల ముప్పావలా. ఏడాదికి 45 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే. ఊళ్లో నూటికి మూడు అంటే ఆ గడప తొక్కం. కార్డు మిత్తి ఏడాదికి 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో కొట్టేసింది. కాబట్టి ఎవరో అడ్డుపడతారని అనుకోకుండా మన జాగ్రత్తలో మనం ఉండాలి.

ఇదే కార్డు మీద పైసా మిత్తి లేకుండా 20 నుంచి 50 రోజుల దాకా డబ్బు వాడుకోవచ్చు. ఒక్కటే షరతు, బిల్లు మొత్తం గడువులోపు కట్టాలి. ఆ షరతు తప్పితే ఏమవుతుందో ఒక బిల్లుతోనే చూపిస్తాను.

మా తమ్ముని కొడుకు బిల్లు ఫొటో పంపి, "అత్తమ్మా, మినిమం కడితే సరిపోతది గదా, మిగతాది వచ్చే నెల చూద్దాం" అన్నాడు. వాడి బిల్లు ప్రతి నెలా 18న వస్తుంది, గడువు 7వ తేదీ. జూన్ 20న ఇరవై వేల ఫోన్ కొన్నాడు. అది జులై 18 బిల్లులో వచ్చింది, ఆగస్టు 7లోపు కట్టాలి. మినిమం డ్యూ, అంటే ఆ నెల తప్పకుండా కట్టాల్సిన కనీస మొత్తం, వెయ్యి రూపాయలని ఉంది. వెయ్యే కడితే మిత్తి మిగిలిన పందొమ్మిది వేల మీద, అదీ ఆగస్టు 7 నుంచి పడుతుందని వాడి అనుకోలు. అది తప్పు. మొత్తం కట్టకపోతే మిత్తి ఫోన్ కొన్న రోజు నుంచే లెక్కకు వస్తుంది. జూన్ 20 నుంచి ఆగస్టు 7 దాకా 48 రోజులు, పూర్తి ఇరవై వేల మీద: సుమారు 1,184 రూపాయలు. అక్కడి నుంచి ఆగస్టు 18 దాకా 11 రోజులు, పందొమ్మిది వేల మీద: సుమారు 258. రెండూ కలిపితే 1,442. దానికి జీఎస్టీ 259. మొత్తం 1,700 దాకా. వెయ్యి కట్టిన తర్వాత కూడా వాడి బాకీ 20,700. వచ్చే నెల మినిమం డ్యూలో ఈ మిత్తి, ట్యాక్సు కూడా కలుస్తాయి కాబట్టి అదీ వెయ్యి దగ్గర ఆగదు.

పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి గడువు ఉండదు. పెట్రోలు కొట్టించినా, కిరాణా తెచ్చినా గీకిన రోజు నుంచే మిత్తి నడుస్తుంది. మినిమం డ్యూ కడితే లేట్ ఫీజు తప్పుతుంది, ఎగ్గొట్టినట్టు పేరు పడదు. అంతవరకే దాని ఉపయోగం. లెక్క చూశాక మావాడు బండి కొనే ముచ్చట పక్కన పెట్టి మొత్తం కట్టేశాడు.

అందుకని కార్డు రాగానే చేయాల్సిన మొదటి పని, యాప్‌లోకి వెళ్లి ఆటోపే పెట్టడం, అంటే గడువుకు బిల్లు ఖాతాలోంచి దానంతటదే కట్టుకునేలా చేయడం. అక్కడ రెండు ఆప్షన్లు కనిపిస్తాయి, టోటల్ డ్యూ, మినిమం డ్యూ. టోటల్ డ్యూ ఎంచుకోండి. తొందరలో మినిమం నొక్కి, అంతా కట్టేస్తున్నామనుకునే వాళ్లు ఉన్నారు. ఒకసారి తెరిచి చూసుకోండి. రెండో పని, గడువు తేదీ జీతం పడిన తర్వాత వచ్చేలా చూసుకోవడం. బిల్లింగ్ తేదీ కనీసం ఒకసారి మార్చుకునే వీలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది. యాప్‌లో గానీ కస్టమర్ కేర్‌లో గానీ అడగండి.

ఇప్పటికే బాకీలో ఇరుక్కున్నవాళ్లు ముందు ఆ కార్డు వాడకం ఆపాలి. తర్వాత తక్కువ మిత్తికి దొరికే డబ్బుతో దాన్ని తీర్చేయాలి. బాకీని ఈఎంఐలోకి మార్చమని కార్డు బ్యాంకునే అడగవచ్చు, మిత్తి కాస్త దిగుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో కూడా అడగండి. నన్నడిగితే బ్యాంకులో బంగారం లోన్ అంతకన్నా మేలు. దాని మిత్తి కార్డు మిత్తిలో మూడో వంతు కూడా ఉండదు. నగ బీరువాలో పెట్టుకుని కార్డుకు మూడు ముప్పావలా కట్టుకుంటూ పోవడం నా లెక్కకు అందదు. అయితే ఆ లోన్‌కూ గడువు ఉంటుంది, తప్పితే వేలం వేస్తారు. నెలనెలా ఎంత తీర్చగలరో చూసుకున్నాకే నగ తాకట్టు పెట్టండి.

ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి డబ్బు తీయకండి. దానికి గడువే లేదు, ఆ నిమిషం నుంచే మిత్తి, పైన ఫీజు. "కార్డు గీకండి, క్యాష్ ఇస్తాం, నూటికి రెండే" అనే షాపుల జోలికీ పోకండి. ఈ నెల ఇక్కడ గీకి పోయిన నెల బిల్లు కట్టడం, వచ్చే నెల మళ్లీ గీకడం, ప్రతిసారీ రెండు రూపాయలు పోతూనే ఉంటాయి, అసలు కదలదు. బ్యాంకు పసిగడితే కార్డే బ్లాక్ చేస్తుంది.

ఈ కార్డు ఎవరికి పనికొస్తుందో కూడా చెప్పాలి. నెలనెలా జీతం పడేవాళ్లకు ఇది సరిపోతుంది. పత్తి, మిర్చి మీద బతికే ఇంటికి డబ్బు వచ్చేది పంట అమ్మినప్పుడే. కార్డు బిల్లు మాత్రం ప్రతి నెలా వస్తుంది, పంట కోసం ఆగదు. విత్తనాలకు, మందులకు ఈ కార్డు గీకొద్దని మా దుకాణానికి వచ్చే రైతులకు గట్టిగానే చెప్తాను. వాళ్లకు ఉన్నది కిసాన్ క్రెడిట్ కార్డు. పేరులో క్రెడిట్ కార్డు అని ఉన్నా దాని దారి వేరు, అది పంట రుణం. మూడు లక్షల దాకా 7 శాతం, ఏడాదిలోపు సరిగ్గా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. అంటే నెలకు నూటికి ముప్పై మూడు పైసలు. రుణమాఫీ వస్తుందని ఆ రుణం కట్టి రెన్యువల్ చేయించుకోవడం ఆపేస్తే ఖాతా ఓవర్‌డ్యూలో పడుతుంది, ఆ మాట మన అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టుకు ఎక్కుతుంది. తర్వాత కొడుకు చదువుకు ఎడ్యుకేషన్ లోన్ అడిగినప్పుడు తండ్రి రిపోర్టు కూడా చూస్తారు.

రిపోర్టులో ఏముంటుంది

అందరం సిబిల్ అంటాం గానీ మన దేశంలో ఈ రిపోర్టులు తయారుచేసే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. అప్పులు ఎలా తీర్చామో చూసి వాళ్లిచ్చే స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది, 750 దాటితే బ్యాంకులు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. ఒక్కో కంపెనీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీయకండి. మూడు నెలలకొకటి తీసుకుంటే ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉన్నట్టే. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. నాలుగైదు బ్యాంకులకు ఒకేసారి అప్లికేషన్ పెడితే మాత్రం తగ్గుతుంది. మాల్‌లో టేబుల్ వేసుకుని కూర్చున్న పిల్లలు అడిగారని ప్రతి ఫారం మీదా సంతకం పెట్టొద్దు.

హన్మకొండ, వరంగల్‌లో చిట్టీ వేయని ఇల్లు తక్కువ. ఊళ్లో చిట్టీ ఒక్క నెల తప్పకుండా కట్టిన మనిషి, ఎవరి దగ్గరా మాట పడని మనిషి, హోంలోన్‌కు వెళ్తే స్కోరు దగ్గర -1 అని వస్తుంది. అప్పు తీసుకుని తీర్చిన రికార్డు బ్యాంకుల్లో లేదని అర్థం. చేతి బదులు, వాడలో చిట్టీ అక్కడ కనపడవు. అలాంటివాళ్లు రికార్డు మొదలుపెట్టడానికి నేను చెప్పే దారి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. డిపాజిట్‌లో ఎక్కువ భాగం లిమిట్‌గా ఇస్తారు, డిపాజిట్ మీద వడ్డీ మనకు వస్తూనే ఉంటుంది, జీతం స్లిప్పు అడగరు. ఇంట్లో కుట్టుపని చేసే ఆమె కూడా తీసుకోవచ్చు. నెలకు కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లు దాంతో కట్టి, మొత్తం తీరుస్తూ పోతే కొన్ని నెలల్లో స్కోరు కనిపిస్తుంది.

లిమిట్ ఉంది కదా అని అంతా వాడటం కూడా స్కోరును దించుతుంది. లిమిట్ యాభై వేలైతే బిల్లులో పదిహేను వేలు దాటకుండా చూసుకోండి. దసరాకు బట్టలు, ఇంటికి ఫ్రిజ్ అని ఎక్కువ గీకాల్సి వస్తే, బిల్లు తేదీకి ముందే కొంత కట్టేయండి. సాధారణంగా రిపోర్టుకు వెళ్లేది బిల్లులో చూపిన బాకీయే. బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి రిపోర్టు కంపెనీలకు వివరాలు పంపాలనే నియమం 2025 జనవరిలో వచ్చింది, కాబట్టి కట్టింది త్వరగానే కనిపిస్తుంది.

ఇంకా చాలామందికి తెలియని రెండు సంగతులున్నాయి. ఒకటి, జమానతు. బావమరిది బ్యాంకు లోన్‌కు సంతకం పెడితే ఆ లోన్ మీ రిపోర్టులోనూ ఉంటుంది. ఆయన తప్పితే మీ స్కోరూ పడుతుంది. రెండు, గ్రూపు లోన్లు. మహిళా సంఘంలో తీసుకున్నదీ, మైక్రోఫైనాన్స్‌లో తీసుకున్నదీ సభ్యుల పేరు మీద ఎక్కుతున్నాయి. మా వాడలో ఒకామె రిపోర్టులో తను ఎప్పుడూ తీసుకోని లోన్ కనిపించింది. కూర్చుని ఆ రిపోర్టు కంపెనీ సైట్‌లోనే ఫిర్యాదు పెట్టాం, ఆ లైన్ తీసేశారు. దీనికి డబ్బు అడిగే ఏజెంట్లు అక్కర్లేదు. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున మనకు ఇవ్వాలి. బ్యాంకు దగ్గర పని కాకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, 14448కు ఫోన్ చేసి అడిగినా చెప్తారు.

కార్డు బాకీ బాగా పెరిగిపోయినవాళ్లకు ఫోన్ చేసి "సగం కట్టండి, సెటిల్ చేస్తాం" అంటారు. చేతిలో వేరే దారి లేకపోతే సరే. కానీ రిపోర్టులో "సెటిల్డ్" అని ఏళ్ల తరబడి ఉంటుంది, చూసిన ప్రతి బ్యాంకూ వెనక్కి తగ్గుతుంది. కొంచెం కొంచెంగానైనా పూర్తిగా తీర్చి "క్లోజ్డ్" అని వేయించుకోవడం మంచిది.

కార్డు ఎవరికీ ఇవ్వకండి

"అన్నా, ఒక్కసారి కార్డు ఇయ్యి, నెలనెల ఈఎంఐ నేను కడత" అని అడిగేవాళ్లు మనవాళ్లే అయి ఉంటారు, అందుకే కాదనడం కష్టం. ఇచ్చే స్తోమత ఉంటే చేతికి డబ్బు ఇవ్వండి, కార్డు మాత్రం వద్దు. వాళ్లు ఒక నెల తప్పినా బ్యాంకు అడిగేది మిమ్మల్నే. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకున్నవాళ్లు కూడా కాస్త చూసుకోవాలి. చాయ్ దగ్గర, పండ్ల బండి దగ్గర స్కాన్ చేసేది ఖాతాలోంచి పోతున్నదా, కార్డులోంచి పోతున్నదా అనేది మరిచిపోతే నెలాఖరుకు బిల్లు చూసి ఆశ్చర్యపోవాల్సి వస్తుంది.

విదేశీ లావాదేవీలు యాప్‌లో ఆఫ్ చేసి పెట్టండి. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక, చలాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) తెరవకండి. డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే ముందు కార్డు బ్లాక్ చేసి, బ్యాంకుకు చెప్పి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల పోయినప్పుడు మూడు పని దినాల్లోపు బ్యాంకుకు తెలిపితే మన మీద భారం పడదు.

వాడని కార్డులను మూసేయడం మంచిదే, అన్నింటికన్నా పాతదాన్ని మాత్రం ఏడాది ఫీజు లేకపోతే ఉంచుకోండి. పాత రికార్డు స్కోరుకు బలం. మూసేయమని అడిగాక, బాకీ లేకపోతే ఏడు పని దినాల్లో బ్యాంకు మూసేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మనకు కట్టాలి. అందుకే ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా మెయిల్ పెట్టండి, తేదీ రుజువుగా ఉంటుంది. మూసేశాక బాకీ ఏమీ లేదని రాసిచ్చే నో డ్యూస్ లెటర్ తీసుకుని, నెలా రెండు నెలల తర్వాత రిపోర్టులో ఆ ఖాతా ఎదురుగా "క్లోజ్డ్" అని పడిందో లేదో చూడండి. పడకపోతే ఆ లెటర్ జతచేసి బ్యాంకుకూ, రిపోర్టు కంపెనీకీ ఫిర్యాదు పెట్టాలి.