మాయా పనివారిలా పనిముట్టుకు తగిన రాయిని ఎంచుకోవడం ఎలా?

మధ్య అమెరికా అడవుల్లో మహానగరాలు నిర్మించిన మాయా ప్రజలకు వారి చరిత్రలో చాలా కాలం లోహపు పనిముట్లు లేవు. చెట్లు నరకడం మొదలు మొక్కజొన్న రుబ్బడం వరకు అన్నింటికీ రాయే ఆధారం. వారి పద్ధతిలో రాయిని ఎంచుకోవాలంటే బయలుదేరే ముందే పనిని తేల్చుకోవాలి. కోతకు పదును, నరకడానికి దెబ్బను తట్టుకొనే గట్టిదనం, రుబ్బడానికి గరుకుదనం కావాలి. ఈ మూడూ ఒకే రాయిలో దొరకడం అరుదు.

నరికే పనికి చెకుముకిరాయిని వెతకండి. ఇది సున్నపురాతి పొరల్లో గడ్డలుగా ఏర్పడుతుంది. నేటి బెలీజ్ దేశపు ఉత్తర భాగంలోని కోల్హా ఇందుకు పేరుపొందిన చోటు. అక్కడ పనివారు చెక్కగా రాలిన పెచ్చులు దిబ్బలుగా పేరుకుపోయాయి. గడ్డను చేతిలో పట్టుకొని మరో రాయితో తట్టి చూడండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్లే, ఖణేల్‌మని మోగితే మంచిది, బోలుగా పలికితే లోపల పగులుందని పక్కన పెట్టవచ్చు. ఆపై అంచున ఒక పెచ్చు ఊడగొట్టి, సుద్దలాంటి పైతొక్క ఎంత మందంగా ఉందో, లోపలి భాగం నున్నగా, గుంతలు లేకుండా ఉందో లేదో గమనించండి. పెచ్చు ఊడిన చోట ఆల్చిప్పలాంటి వంపు కనిపిస్తే, ఆ రాయి మీ దెబ్బకు లొంగుతుందని నమ్మవచ్చు. కళ్లద్దాలు, చేతితొడుగులు మరువకండి. కోల్హా పనివారు ఒక రకం పనిముట్టుకు అడ్డంగా ఒకే దెబ్బ వేసి, నారింజ తొక్కలాంటి వంపు పెచ్చును ఊడదీసి అంచు తీర్చేవారు. లోపమున్న రాయితో అది సాగే పని కాదు.

కోతకు అబ్సిడియన్, అంటే లావా చల్లారి ఏర్పడిన సహజమైన గాజు కావాలి. పదునులో దీనికి సాటి లేదు గానీ పెళుసు కనుక గొడ్డలికి పనికిరాదు. పల్లపు ప్రాంతాల మాయా నగరాలకు ఇది గ్వాటెమాలా ఎత్తైన ప్రాంతాల్లోని ఎల్ చయాల్, ఇష్టెపెకె వంటి చోట్ల నుంచి వచ్చేది. బుడగలు, బూడిద రేణువులు లేని ముద్దను ఎంచుకోండి. దూరం నుంచి మోసుకొచ్చిన సరుకు వృథా కాకుండా, పనివారు దాన్ని స్తంభంలా చెక్కి, ఒత్తిడితో సన్నని పొడవాటి బ్లేడులను ఒక్కొక్కటిగా విడదీసేవారు.

రుబ్బుడు రాయికి చిన్న గుల్లలున్న బసాల్ట్, అంటే లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాయి మేలు. అరిగే కొద్దీ కొత్త గుల్లలు తెరుచుకొని గరుకుదనం నిలుస్తుంది. తిరగలికి కక్కు కొట్టించిన ఇళ్లవారికి ఈ సుగుణం విలువ చెప్పనక్కరలేదు. బెలీజ్‌లో మాయా పర్వతాల గ్రానైటును కూడా వాడారు. సున్నపురాయి చేరువలోనే దొరికినా మెత్తన కనుక త్వరగా అరిగి, పిండిలో రజను కలుస్తుంది.

గ్వాటెమాలాలోని మోటగువా లోయలో దొరికే జేడ్ అనే ఆకుపచ్చని గట్టి రాయిని చెకుముకిరాయిలా పెచ్చులుగా ఊడదీయడం కష్టం కనుక, ఓపికగా అరగదీసే తీరిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

చివరగా, మళ్లీ పదును పెట్టుకోవడానికి వీలుగా ముక్క కాస్త పెద్దదిగా చూసుకోండి. కోల్హా పనిముట్లు చేరిన ఊళ్లలో మొద్దుబారినవాటికి మళ్లీ పదును పెట్టి, విరిగినవాటిని సుత్తిరాళ్లుగా వాడుకొనేవారు.