రాస్‌ప్‌బెర్రీ పై బూట్‌లోడర్ ముట్టుకునే ముందు జాగ్రత్తలు

☐ మీ దగ్గరున్న రాస్‌ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు) ఏ మోడలో చూసుకోండి. పై 4, పై 5లలో బూట్‌లోడర్, అంటే ఆన్ చేయగానే మొదట నడిచి సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్, బోర్డు మీది ఈప్రామ్ చిప్‌లో (మళ్లీ మళ్లీ రాయగల మెమరీ) ఉంటుంది. పై 3లో ఆ చిప్ లేదు. అక్కడ ఓటీపీ బిట్ (ఒక్కసారే రాయగల మెమరీలోని సెట్టింగ్) ఒకసారి మార్చితే వెనక్కి రాదు.

☐ పవర్ సరిపోవాలి: పై 4కు 5 వోల్టులు 3 ఆంపియర్లు, పై 5కు 5 ఆంపియర్లు. పై 5కు 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే అందుతాయి, డిస్క్ తడబడుతుంది.

☐ ఇప్పుడున్న బూట్‌లోడర్ సెట్టింగ్‌లను ఫైల్‌గా దాచి, వేరే కంప్యూటర్‌లోకి కాపీ చేయండి.

☐ బూట్ ఆర్డర్ (సిస్టమ్ కోసం బోర్డు ఎక్కడెక్కడ, ఏ వరుసలో వెతకాలో చెప్పే సెట్టింగ్) అంకెల్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. 1 అంటే ఎస్‌డీ కార్డు, 4 యూఎస్‌బీ, 6 ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ డిస్క్), 2 నెట్‌వర్క్, ఎఫ్ అంటే మళ్లీ మొదటి నుంచి. మొదట ఉండే 0ఎక్స్ సంఖ్య రకాన్ని చెప్పే గుర్తు మాత్రమే. 0ఎక్స్‌ఎఫ్41 అని ఉంటే ముందు కార్డు, తర్వాత యూఎస్‌బీ. 0ఎక్స్‌ఎఫ్14 అయితే తారుమారు. చివర, అంటే ఎడమ కొసన, ఎఫ్ వదిలేస్తే, డిస్క్ ఆలస్యంగా మేల్కొన్నప్పుడు బోర్డు మళ్లీ వెతకదు.

☐ అప్‌డేట్ ఆదేశం ఇచ్చినంతమాత్రాన పని పూర్తికాదు, అసలు రాత రీబూట్‌లో జరుగుతుంది. అప్పుడు కరెంటు తీయకండి.

☐ బూట్‌లోడర్ చెడిపోతే బాగుచేసే రికవరీ ఎస్‌డీ కార్డును ఇమేజర్‌తో (కార్డులు రాసే రాస్‌ప్‌బెర్రీ పై సాఫ్ట్‌వేర్) ముందే సిద్ధం చేయండి. ఆ కార్డు పెట్టి బోర్డు ఆన్ చేసినప్పుడు పని సరిగా అయితే ఆకుపచ్చ లైటు వేగంగా మెరుస్తుంది, తెర మొత్తం ఆకుపచ్చగా మారుతుంది.