మీ టీచరుకి ఒక కబురు చెప్పాలంటే

సెప్టెంబర్ 5, టీచర్స్ డే పొద్దున్నే ఫోన్ చూసుకుంటే వందకి పైగా మెసేజ్‌లు వచ్చి ఉంటాయి. గులాబీ పువ్వు, వెలుగుతున్న దీపం, గురుబ్రహ్మ గురువిష్ణు. పంపినవాడి పేరు కూడా ఉండదు, పైన ఫార్వర్డ్ గుర్తు మాత్రం ఉంటుంది. అన్నిటికీ దణ్ణం బొమ్మ ఒకటి పెట్టేసి స్కూలుకి బయల్దేరతాను, సాయంత్రానికి అందులో ఒక్కటీ గుర్తుండదు. పంపినవాళ్ళ మీద కోపమేం లేదు, నేనూ మా టీచర్లకి ఏళ్ళ తరబడి అవే పంపాను. కాకపోతే ఇరవై రెండేళ్ళుగా జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నదాన్ని, ఏ మెసేజ్ చదివి పక్కన పెట్టేస్తామో, ఏది చూసుకుని మర్నాడు ఇంకాస్త హుషారుగా క్లాసులోకి వెళ్తామో అనుభవం మీద తెలిసింది. అదే చెబుదామని.

ముందు ఒక ఫోటో గురించి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం వాట్సాప్‌లో వచ్చింది. నేల మీద పరిచిన ఇనప రేకు, దాని మీద సుద్దముక్కతో రాసిన లెక్క: 22/7 × 3½ = 11. కింద ఒక్క లైను: "మేడం, డ్రమ్ముకి రేకు కట్ చేశా, ఈసారి ముక్క కూడా వేస్ట్ అవలేదు." పంపినవాడు వెల్డింగ్ షాపులో పని చేస్తాడు. టెన్త్‌లో లెక్కలు ఒకసారి తప్పి, సప్లిమెంటరీలో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు. వాడికి చుట్టుకొలత ఎక్కిందని నేను కలలో కూడా అనుకోలేదు, వెనక బెంచీలో కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ రోజు మధ్యాహ్నం ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు) మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తూ, సర్వర్ మొరాయిస్తుంటే, ఈ ఉద్యోగం ఎందుకు చేస్తున్నానా అని విసుక్కుంటున్నాను. ఆ ఫోటోని స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చూపించాను. మర్నాడు తొమ్మిదో తరగతిలో వృత్తాలు మొదలుపెట్టేటప్పుడు ఆ రేకు బొమ్మే బోర్డు మీద గీశాను.

వడ్రంగి సాయంత్రానికి తలుపు చూసుకుంటాడు. రైతు నాలుగు నెలలకి పంట చూసుకుంటాడు. మేం చెప్పింది ఎవడి బుర్రలో మొలిచిందో, ఎక్కడ ఎండిపోయిందో మాకు తెలిసే దారి లేదు. టెన్త్ మార్కులంటారా, అవి పరీక్ష సంగతి చెబుతాయి, అంతే. పదిహేనేళ్ళ వయసుకి పిల్లలు ఊరు వదిలి వెళ్ళిపోతారు, మేం అదే గదిలో అదే పాఠం కొత్తవాళ్ళకి మళ్ళీ మొదలుపెడతాం. అందుకే పొగడ్త కంటే కబురు కోసం ఎదురుచూస్తాం. మీరు చెప్పింది ఇక్కడిదాకా వచ్చింది, ఇదిగో ఇలా పనికొచ్చింది అని చెప్పే కబురు. హాజరు యాపులు, భోజనం ఫోటోలు, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి వచ్చే అర్జెంట్ ఫార్మాట్లు, వీటన్నిటి మధ్య ఓపిక నిలిచేది ఇలాంటివాటి వల్లే. జీతం పెరగాలి, ఖాళీలు నింపాలి, అవి వేరే గొడవ, అవి అడగాల్సినవాళ్ళని అడుగుతూనే ఉంటాం.

ఇక చెప్పడం ఎలాగో చూద్దాం.

ఫోన్ చేస్తే ముందు మీ పేరు చెప్పండి. దయచేసి "మేడం, నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అనకండి. నాకు ఏటా కొత్తగా నూట యాభై మంది. మీకు గొంతు మారింది, మీసం వచ్చింది, కొందరికి బట్టతల కూడా. గుర్తుపట్టలేదంటే మీరు నొచ్చుకుంటారని "ఆఁ, ఎందుకు గుర్తులేదు నాన్నా" అని అబద్ధమాడి, తర్వాత పది నిమిషాలూ ఎవరా అని తడుముకుంటూ మీరు చెప్పేదేమీ సరిగా వినను. పేరు, టెన్త్ ఏ సంవత్సరం, ఏ ఊరి నుంచి వచ్చేవారు, వీలైతే ఒక ఆనవాలు. "స్కౌట్స్ క్యాంపులో కాలు విరగ్గొట్టుకున్నవాణ్ణి" అంటే చాలు, ఊరూ పేరూ అక్కర్లేకుండా మొహం కళ్ళముందుకొస్తుంది.

తర్వాత ఒకే ఒక్క సంగతి చెప్పండి. "మీరు చాలా గొప్ప టీచర్, మీ వల్లే ఈ స్థాయిలో ఉన్నాను" అనేది వినడానికి బాగానే ఉంటుంది కానీ, నేను ఏం చేస్తే అలా అయిందో తెలీదు, కాబట్టి మళ్ళీ చెయ్యలేను. అబ్దుల్ కలాం గారు రామేశ్వరంలో తనకి చదువు చెప్పిన శివసుబ్రహ్మణ్య అయ్యర్ గారి గురించి ఎన్నో సభల్లో చెప్పారు. మంచి మాస్టారు అని ఊరుకోలేదు. ఆయన బోర్డు మీద పక్షి బొమ్మ గీసి అది ఎలా ఎగురుతుందో చెప్పడం, పిల్లలకి అర్థం కాకపోతే సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి ఎగిరే పక్షుల్ని చూపించడం, ఇదంతా చెప్పేవారు. అది వింటే ఏ టీచరైనా రేపు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దామా అని ఆలోచిస్తాడు. మీది అంత పెద్ద కథ కానక్కర్లేదు. ఆ రోజు మీరు ఏమన్నారు లేక ఏం చేశారు, అప్పుడు నాకేమనిపించింది, ఇప్పుడు దాన్ని ఎక్కడ వాడుతున్నాను. ఈ మూడూ మూడు ముక్కల్లో చెప్పినా సరే. ఫీజు కట్టలేని రోజు ఎవరికీ తెలియకుండా కట్టారు అన్నది ఎంతో, నేను తప్పు చెబితే నవ్విన పిల్లల్ని ఒక చూపు చూశారు అన్నదీ అంతే.

మాటలు కుదరవేమో, ఇన్నేళ్ళ తర్వాత ఏం బాగుంటుంది, ఆవిడ ఏమనుకుంటారో అని చాలామంది ఆగిపోతారు. ఈ జంకు మీద అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు అమెరికాలో పరిశోధన చేసి 2018లో అచ్చు వేశారు. జనం చేత కృతజ్ఞత ఉత్తరాలు రాయించి, అవి అందుకున్నవాళ్ళనీ అడిగారు. అవతలివాళ్ళు ఇబ్బంది పడతారని రాసినవాళ్ళు అనుకున్నంత ఇబ్బంది అక్కడ లేదు, సంతోషం మాత్రం వీళ్ళ అంచనా కంటే ఎక్కువే ఉంది. రాసేవాళ్ళు తమ మాట సరిగ్గా కుదిరిందా లేదా అని చూసుకుంటారు, అందుకున్నవాళ్ళు ఆ ఆప్యాయతనే చూస్తారు. కాబట్టి అక్షర దోషాలున్నా పంపించెయ్యండి. తెలుగు మేడమ్‌కి పంపేటప్పుడు మాత్రం ఒకసారి చూసుకోండి, ఆవిడ దిద్ది తిరిగి పంపినా పంపుతారు!

చెప్పకూడనివి కొన్ని ఉన్నాయి. "మీరు కొట్టిన దెబ్బల వల్లే బాగుపడ్డాం" అని స్టేజీ మీద మైకు పట్టుకుని చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు, నేను కుర్చీలో ముడుచుకుపోతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బెత్తం పట్టుకున్న మాట నిజం. ఆ దెబ్బలు తిని బడి మానేసినవాళ్ళు ఆ సభకి రారు కదా. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, పిల్లల్ని కొట్టడం అందులోని 17వ సెక్షన్ కింద నిషేధం. అంతకుముందు చేసినదానికి నాకు సిగ్గుగానే ఉంది. దెబ్బలు మర్చిపోయి, ఇంకేదైనా గుర్తుంటే అది చెప్పండి. అలాగే "మిగతావాళ్ళు ఏం చెప్పేవాళ్ళు కాదు, మీరొక్కరే" అనకండి. ఆ మిగతావాళ్ళు నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉంటారు.

ఇంకోటి, కృతజ్ఞత చెప్పడానికి చేసిన ఫోన్లో ఇంకే పనీ పెట్టకండి. ఒక పూర్వ విద్యార్థి పావుగంట సేపు నన్ను ఆకాశానికెత్తాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పక్కనున్న మావారికి సైగ చేసి స్పీకర్ ఆన్ చేశాను. సరిగ్గా అప్పుడే బైపాస్ పక్కన వెంచర్, రెండొందల గజాలు, టీచర్లకి స్పెషల్ రేటు అని మొదలుపెట్టాడు. మావారు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి నవ్వుతారు.

పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టేవాళ్ళకి రెండు మాటలు. ఫ్లెక్సీ, శాలువా, మెమెంటో తప్పవనుకుంటే పెట్టుకోండి, మా ఇంట్లో బీరువా పై అర నిండా శాలువాలే. ఖరీదైన బహుమతులు మాత్రం వద్దు, సర్వీసులో ఉన్నవాళ్ళకి ప్రవర్తనా నియమాలుంటాయి, లేనిపోని తలనొప్పి. పొద్దున తొమ్మిదింటికి కూర్చోబెట్టి రెండున్నర దాకా ఉపన్యాసాలు పెట్టకండి, వచ్చేవాళ్ళలో సగం మందికి షుగర్. ఆ టైములో అరగంట తీసి, ఒక్కో బెంచీ వాళ్ళు వచ్చి మా పక్కన కూర్చుని మాట్లాడేలా చూడండి. పిలిచేవాళ్ళ జాబితా హైస్కూల్ దగ్గర ఆపెయ్యకండి. టెన్త్ చెప్పినవాళ్ళకే పేరంతా వస్తుంది, ఒకటో తరగతిలో వేలు పట్టుకుని అఆలు దిద్దించిన ఎస్జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని, ఎవరూ పిలవరు. నా దగ్గరికి వచ్చేసరికి పిల్లాడికి ఎక్కాలు వచ్చి ఉన్నాయంటే అది ఆవిడ కష్టం. అటెండర్‌నీ, అన్నం వండి పెట్టినావిడనీ కూడా పిలవండి.

ఇప్పుడు బళ్ళో ఉన్న పిల్లలు ఇది చదువుతుంటే, మీకు ఇంకా సులువు. క్లాసు అయ్యాక "మేడం, ఇవాళ అర్థమైంది" అంటే చాలు. "మూడో స్టెప్పు దగ్గర పోయింది మేడం" అంటే ఇంకా సంతోషం, అక్కడిదాకా విన్నట్టేగా. తల్లిదండ్రులైతే, గొడవ ఉన్నప్పుడే బడికి రావడం కాకుండా, "మావాడు ఇంటికొచ్చి మీ పాఠం మాకు చెప్పాడండీ" అని స్కూలు కమిటీ మీటింగులో హెచ్ఎం (హెడ్మాస్టరు) వినేలా ఒక్కసారి అనండి.

ఎప్పుడు చెప్పాలంటే, సెప్టెంబర్ 5 తప్ప ఎప్పుడైనా. టెన్త్ ఫలితాలొచ్చి పాస్ శాతం తగ్గిందని మీటింగులో చివాట్లు తిన్న వారం మంచి టైము. బదిలీలు జరిగే రోజులు ఇంకా మంచివి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1921లో మైసూరు యూనివర్సిటీ వదిలి కలకత్తా వెళ్తుంటే, విద్యార్థులు పూలతో అలంకరించిన బండిని తామే లాగుతూ రైల్వే స్టేషన్‌కి తీసుకెళ్ళారు. అప్పటికి ఆయన రాష్ట్రపతీ కాదు, టీచర్స్ డే అన్న మాటా లేదు. అది 1962లో మొదలైంది. మా స్కూల్లో బదిలీ రోజున పిల్లలు గేటు దగ్గర అడ్డంగా కూర్చుని ఏడుస్తారు. ఆ ఏడుపు మోసుకుంటూ వెళ్ళిన టీచరు కొత్త ఊళ్ళో మొదటి వారమే పిల్లల పేర్లు నేర్చుకోవడం చూశాను.

మీ టీచరు నంబర్ లేదంటారా? స్కూలుకి ఫోన్ చేసి హెచ్ఎంని అడగండి, లేదా మండలంలో పెన్షనర్ల సంఘం వాళ్ళని అడగండి, వాళ్ళకి తెలియని రిటైర్డ్ టీచరు ఉండరు. కానీ తొందరగా అడగండి. నాకు మూడో తరగతిలో పదమూడో ఎక్కం దాకా పాటలా నేర్పిన టీచర్ గారి ఇల్లు వెతుక్కుంటూ నేను వెళ్ళేసరికి ఆవిడ పోయి ఏడాది దాటింది. ఏం చెయ్యాలో తెలియక గుమ్మంలో నిలబడే కోడలుగారికి చెప్పాను, నేను లెక్కల టీచర్ని, ఆ పాటే ఇప్పుడు మా ఆరో తరగతి పిల్లలకి నేర్పుతున్నాను అని. ఆవిడ లోపలికి తిరిగి "ఏమండీ, ఒకసారి ఇటు రండి" అని పిలిచి, ఆయన వచ్చాక నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నారు.