గోతిక్ ఎడిటథాన్‌కి వచ్చేముందు ఇవి చూసుకోండి

శనివారం యూనివర్సిటీలో అందరం కలిసి ఇంగ్లిష్ వికీపీడియాలో గోతిక్ సాహిత్యం (భయం, రహస్యం నిండిన పాతకాలపు కథలు) వ్యాసాలు బాగుచేస్తున్నాం కదా, కొన్ని జాగ్రత్తలు.

కాపీ పేస్ట్ అస్సలు వద్దు. ఎవరి పుస్తకంలోదో పేరా ఎత్తి పెడితే కాపీరైట్ అని తీసేస్తారు, దాంతోపాటు మీరు సొంతంగా రాసింది కూడా పోవచ్చు, రోజంతా పడ్డ కష్టం గంగపాలే.

అకౌంట్ ఇంటి దగ్గరే చేసుకుని రండి. ఒకే నెట్ కనెక్షన్ మీద వికీపీడియా రోజుకి 6 అకౌంట్లే ఇస్తుంది, ఏడోవాళ్లు ఆగిపోతారు.

కొత్త వ్యాసం రాద్దామనుకుంటే అకౌంట్‌కి 4 రోజులు, 10 ఎడిట్లు ఉండాలి, లేదంటే డ్రాఫ్ట్‌లోనే (చిత్తుప్రతిగానే) పెట్టాలి. అందుకే ఈరోజే మొదలుపెట్టండి.

ఏ ఎడిషన్ చదివారో చూసుకోండి, నా భయమంతా దీని గురించే. ఫ్రాంకెన్‌స్టైన్ నవల 1818లో వచ్చింది, రాసిన మేరీ షెల్లీయే 1831లో చాలా మార్చింది, మొదటిదాంట్లో ఎలిజబెత్ కథానాయకుడు విక్టర్‌కి మేనత్త కూతురు, అంటే మన వరసలో మరదలు, రెండోదాంట్లో మాత్రం వాళ్లింట్లో పెంచుకున్న అనాథపిల్ల. రెండూ కలిపి రాస్తే కథాసారమే తప్పు.

ఒట్రాంటో కోట అనే గోతిక్ నవల మొదటి ముద్రణ మీద 1765 అని ఉంటుంది, కానీ బయటికొచ్చింది 1764 డిసెంబర్‌లో.

ఒకే సెక్షన్‌ని ఇద్దరు తెరవకండి, ఎడిట్లు ఢీకొంటాయి.