ఈత పాఠాలు - 4: గోడను తన్ని దూసుకుపోవడం

పోయిన పాఠంలో నీళ్లలో ఊపిరి వదలడం చూశాం. అది ఇంకా కుదరనివాళ్లు కంగారు పడొద్దు, ఇంకో వారం అదే చేసి రండి. ఇవాళ్టి పనంతా ముఖం నీళ్లలో పెట్టి చేసేదే.

విజయవాడలో పెద్దవాళ్లు చాలామంది కృష్ణ ఘాట్లలోనో, బందరు కాలవలోనో ఈత నేర్చినవాళ్లు. అక్కడ తన్నడానికి గోడ దొరకదు. అందుకే గాంధీనగర్ పూల్‌కి వచ్చాక కూడా వాళ్లకి గోడ అంటే ఆగి ఆయాసం తీర్చుకునే చోటే. మళ్లీ బయల్దేరేటప్పుడు ఒక చేత్తో గోడను నెట్టి, వెంటనే చేతులు వేసేస్తారు. గోడను గట్టిగా తన్నిన క్షణంలో వచ్చే వేగం ఎంత చేతులాడించినా రాదు. దాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారే అని నాకు బాధ.

ముందు పాదాలు. రెండూ తుంటి వెడల్పులో, నీటి మట్టానికి జానెడున్నర కిందుగా టైల్స్‌కి ఆనాలి. బలం మునివేళ్ల వెనక ఉండే మెత్తటి భాగం మీద పడాలి, మడమ గోడకి అతుక్కోకూడదు. మోకాళ్లు కుర్చీలో కూర్చున్నంత మడిస్తే చాలు. గొంతుక్కూర్చున్నట్టు మరీ ముడుచుకుంటే లేవడానికే టైం పోతుంది.

ఇప్పుడు అసలు విషయం: చేతులు. ఒక చేతి వెనకవైపు మీద ఇంకో అరచెయ్యి పెట్టి, పై చేతి బొటనవేలితో కింది చేతి అంచుని పట్టుకోండి. మోచేతులు చాచి, దండలు చెవుల వెనక్కి వచ్చేలా బిగించండి. గడ్డం ఎత్తకుండా పూల్ అడుగున ఉండే నల్లగీతను చూడండి. ఇదంతా కుదిరాకే తన్నాలి. తన్నాక చేతులు కలుపుదామనుకుంటే ఈలోపే నీళ్లు భుజాలకి కొట్టి వేగాన్ని తినేస్తాయి.

తన్నేముందు ఒళ్లంతా మునగాలి. పైపైనే వెళితే బలంలో చాలా భాగం అలలు లేపడానికే ఖర్చవుతుంది. సుమారు అర మీటరు లోతున ఆ బెడద బాగా తగ్గుతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు డేవిడ్ బెర్కాఫ్ వెల్లకిల ఈతలో (బ్యాక్‌స్ట్రోక్) 50 మీటర్ల పూల్‌లో సగానికి పైగా నీటి కిందే వెళ్లాడు. ఆ తర్వాతే దానికి హద్దు పెట్టారు. ఇప్పుడు ఫ్రీస్టైల్, బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్ పోటీల్లో 15 మీటర్లలోపు తల బయటికి రావాలి.

సాధన ఇలా: తన్నండి, కాళ్లూ చేతులూ కదపకుండా ఆగేదాకా అలాగే సాగండి. లేన్ తాడు (ఈత వరసల మధ్య తేలే బిళ్లల తాడు) కట్టి ఉంటే, గోడ నుంచి 5 మీటర్ల దగ్గర బిళ్లల రంగు మారుతుంది. కదలకుండా ఆ చోటు దాటారంటే చేతులు బాగా కుదిరినట్టే. దాటకపోతే ఇంకా గట్టిగా తన్నకండి, ముందు తల ఎక్కడుందో చూసుకోండి. నేను చూసినంతలో ఎక్కువమందికి తప్పు అక్కడే ఉంటుంది.

ఇది నిలకడగా వచ్చాక దీనికి కాళ్లాడించడం కూడా కలపండి. వేగం మీ మామూలు ఈత వేగానికి పడిపోయేలోపే కాళ్లు మొదలవ్వాలి. ఊపిరి బిగబట్టే పందేలు మాత్రం వద్దు, నీళ్లలోనే స్పృహ తప్పే ప్రమాదముంది. వేసవి బ్యాచ్‌ల రద్దీలో ముందువాళ్లు కాస్త దూరం వెళ్లాకే తన్నండి.

వచ్చే పాఠంలో గోడ దగ్గర పల్టీ కొట్టి తిరగడం మొదలుపెడదాం.