మందు మారిపోయిందా? ముందు అర చూడండి

ఆసుపత్రి ఫార్మసీలో పొరపాటు జరగగానే మందు ఇచ్చిన వారితో సంజాయిషీ రాయిస్తారు. నెల తిరగకముందే అదే పొరపాటు మరొకరి చేతిలో జరుగుతుంది. అందుకే మనిషిని వదిలి, మందు నడిచే దారిని వెతకాలంటాను.

సమస్య: ఇన్సులిన్ ఇస్తున్నా షుగర్ దిగదు, లేదా ఉన్నట్టుండి పడిపోయి రోగికి చెమటలు పడతాయి.

కారణం తరచుగా సిరంజిలోనే ఉంటుంది. మన దగ్గర ఇన్సులిన్ వయల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్ను కార్ట్రిడ్జ్ 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. రాత్రి డ్యూటీలో, మసక వెలుతురులో ఆ రెండు రంగులూ ఒకటిగానే కనిపిస్తాయి. 40 యూనిట్ల వయల్ నుంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే రోగికి అందేది 8 యూనిట్లే. అదే 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఏకంగా 50 యూనిట్లు వెళ్తాయి. ఇది ప్రాణాంతకం.

పరిష్కారం: వార్డుకు ఒకే రకం వయల్ పంపండి. దానికి సరిపోయే సిరంజిని అదే కవరులో పెట్టి ఇవ్వండి.

సమస్య: ఇండెంటులో, అంటే మందులు కావాలని వార్డు పంపే చీటీలో రాసింది ఒకటి, ట్రేలోకి వచ్చిన ఆంప్యూల్ (ఇంజక్షన్ మందు ఉండే, మూసేసిన చిన్న గొట్టం) మరొకటి.

పొటాషియం క్లోరైడ్, ఇంజక్షన్లలో కలిపే నీరు రెండూ రంగులేనివే, రెండూ 10 మిల్లీలీటర్ల ఆంప్యూళ్లలో దొరుకుతాయి. పొటాషియాన్ని పలుచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. దాన్ని మామూలు వార్డుల్లో ఉంచకండి. ఫార్మసీలో తాళం వేసి, ఇద్దరు చూశాకే బయటికి ఇవ్వండి.

సమస్య: సరిచేయాల్సినవి చాలా ఉన్నాయి, మొదలు ఎక్కడ?

ప్రతి పొరపాటుకూ మూడు మార్కులు వేయండి: హాని ఎంత, ఎంత తరచుగా జరుగుతుంది, రోగిని చేరేలోపు పట్టుకోవడం ఎంత కష్టం. ఒక్కోదానికి 1 నుంచి 10. మూడూ గుణించి పెద్ద అంకె వచ్చినదాన్ని ముందు పట్టుకోవాలన్నది పద్ధతి. హానికి 9, 10 పడినవాటిని మాత్రం మొత్తం ఎంత వచ్చినా నేను ముందుకే తెస్తాను. పొటాషియం వేరే మందుకు బదులు పొరపాటున వెళ్లడం అరుదు కదా అని జాబితా అడుగున వదిలేయలేం.

సమస్య: పొరపాట్ల రిజిస్టరు నెలలుగా ఖాళీ.

పొరపాట్లు లేక కాదు, భయంతో. చేయి దాటకముందే దొరికిన తప్పును కూడా రాయమనండి: ఏ అర, ఏ మందు, ఏ వేళ. పేరు రాసే గడిని మాత్రం కొట్టేయండి.